చిన్న ఇంజన్ పవర్ కొలిచే డైనో సొంతంగా కట్టాలంటే: తాడు, నీళ్లు, కరెంటు, ఫ్లైవీల్‌లో ఏది ఎవరికి?

ఇంజన్‌కి బోరింగ్ చేయించి, కొత్త రింగులు వేసి, ట్యాపెట్లు సెట్ చేశాక "పికప్ బాగా పెరిగిందండీ" అనే మాట విజయవాడ ఆటోనగర్‌లో రోజూ వినిపిస్తుంది. ఎంత పెరిగిందని అడిగితే మాత్రం యాక్సిలరేటర్ ఇంకోసారి తిప్పి చప్పుడు వినిపిస్తారు. చప్పుడు పెరిగితే పవర్ పెరిగినట్టే అనిపిస్తుంది, సైలెన్సర్‌కి చిల్లు పడినా అలాగే అనిపిస్తుంది. అంకె కావాలంటే పవర్ కొలిచే డైనమోమీటర్, క్లుప్తంగా డైనో, ఉండాలి. కంపెనీ డైనో కొనడం చిన్న వర్క్‌షాపుల వల్ల అయ్యే పని కాదు. పది హెచ్‌పీ లోపు ఇంజన్లకి, అంటే మిర్చి చేలో మందు కొట్టే స్ప్రేయర్, పవర్ వీడర్, నీటి పంపు, జనరేటర్, పాత ఐదు హెచ్‌పీ డీజిల్ లాంటివాటికి, సొంతంగా కట్టుకునే మార్గాలు అరడజను పైనే ఉన్నాయి. అన్నీ అందరికీ పనికిరావు. ఏది ఎవరికి సరిపోతుందో తేల్చుకోవడానికే ఈ పోలిక.

లెక్క మాత్రం అన్నిటికీ ఒకటే. షాఫ్ట్ మీద తిప్పే బలం (టార్క్) ఎంతో, అది నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో తెలిస్తే పవర్ తెలిసినట్టే. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చవేసి 9.55తో భాగిస్తే వాట్లు వస్తాయి. 746 వాట్లు ఒక హెచ్‌పీ. మన దగ్గర చాలామంది వాడే మెట్రిక్ హెచ్‌పీ అయితే 735.5 వాట్లు. ఈ రెంటినీ కలిపేస్తే ఒకటిన్నర శాతం తేడా అక్కడే వస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీకు కావాల్సింది తేడానా, అసలు అంకెనా? కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ మార్చకముందు ఎంత, మార్చాక ఎంత అని చూసుకునేవాళ్లకి కొలత నూటికి పది తప్పినా ఇబ్బంది లేదు. ప్రతిసారీ అదే పది తప్పితే చాలు. నేమ్‌ప్లేటు మీద 5 హెచ్‌పీ అని ఉంది, నిజంగా ఇస్తోందా అని తేల్చాలంటే అలా కుదరదు. బ్రేకు నుంచి కాటా దాకా ఉండే కడ్డీ (దీన్నే 'చేయి' అంటాం) పొడవు, కాటా, ఆఖరికి తాడు మందం కూడా లెక్కలోకి వస్తాయి.

రెండోది వేడి. చాలా డైనోలు ఇంజన్‌ని ఒక బ్రేకుతో పట్టి ఆ పట్టుని కొలుస్తాయి. ఇంజన్ ఇచ్చే పవర్ అంతా ఆ బ్రేకులో వేడిగా మారుతుంది. 5 హెచ్‌పీ అంటే సుమారు 3.7 కిలోవాట్లు. బాత్రూముల్లో పెట్టుకునే ఇన్‌స్టంట్ గీజర్ 3 కిలోవాట్లే. అంతకు మించిన వేడిని జానెడు ఇనప ముక్క మీద నిమిషాల తరబడి కుమ్మరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సొంతంగా కట్టిన డైనోలు చెడేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఎవరు ఏ డిజైన్ చూపించినా నేను అడిగే మొదటి ప్రశ్న "ఈ వేడి ఎటు పోతుంది?" అనే. దానికి సరైన జవాబు లేని డిజైన్‌కి ఎన్ని సెన్సర్లు తగిలించినా దండగే.

మూడోది నిలకడ. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంజన్ స్పీడు కొంచెం తగ్గినప్పుడు బ్రేకు పట్టు కూడా తగ్గాలి. అప్పుడే ఇంజన్ ఒకచోట కుదురుకుంటుంది. రాపిడి బ్రేకుల పట్టు స్పీడుతో పెద్దగా మారదు. గవర్నర్ (లోడు మారినా స్పీడు నిలిపే పరికరం) ఉన్న డీజిల్‌కి అది చాలు. కానీ పెట్రోల్ ఇంజన్‌ని దాని గరిష్ఠ టార్క్ స్పీడు కన్నా కిందికి దించారంటే, స్పీడు తగ్గేకొద్దీ ఇంజన్ బలమూ తగ్గుతుంది, బ్రేకు మాత్రం అంతే పట్టుకుని ఉంటుంది, ఇంజన్ ఆగిపోతుంది. నీటి బ్రేకు అలా కాదు. దాని పట్టు స్పీడు వర్గంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఇంజన్ తనంతట తనే నిలదొక్కుకుంటుంది.

ఇక మీ ఇంజన్ ఎంత స్పీడు తిరుగుతుందో, ఏదైనా విరిగితే ముక్కలు ఎటు ఎగురుతాయో కూడా చూసుకోవాలి. 1500 ఆర్‌పీఎం డీజిల్‌కి కట్టిన డ్రమ్మును 7000 తిరిగే స్ప్రేయర్ ఇంజన్‌కి తగిలించకూడదు.

## తాడు, డ్రమ్ము

డిప్లొమాలోనో బీటెక్‌లోనో మెకానికల్ చదివినవాళ్లందరికీ ఇది తెలిసిందే. థర్మల్ ల్యాబ్‌లో సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్, దాని షాఫ్ట్‌కి డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ తాడు, రెండు చివర్లా స్ప్రింగ్ కాటాలు. ఫ్రాన్స్‌లో గాస్పార్ ద ప్రోనీ 1821లో తయారుచేసిన బ్రేకు వంశంలోదే ఇది. రెండు వందల ఏళ్లయినా ల్యాబుల నుంచి పోలేదంటే దానికి కారణముంది. చెడిపోవడానికి ఇందులో ఏమీ లేదు.

లెక్క చూడండి. డ్రమ్ము 30 సెంటీమీటర్లు, తాడు ఒకటిన్నర సెంటీమీటర్లు. బిగువు వైపు కాటా 16 కిలోలు, వదులు వైపు 1 కిలో చూపిస్తోంది. తేడా 15 కిలోలు. వ్యాసార్థం తాడు మధ్య వరకు తీసుకోవాలి, అంటే 15.75 సెంటీమీటర్లు. టార్క్ 15 × 9.81 × 0.1575, దాదాపు 23.2 న్యూటన్ మీటర్లు. 1500 ఆర్‌పీఎం దగ్గర ఇది 3.64 కిలోవాట్లు, మెట్రిక్ లెక్కలో 5 హెచ్‌పీకి కాస్త తక్కువ. తాడు మందం మర్చిపోయి 15 సెంటీమీటర్లే వేసుకుంటే అక్కడే 5 శాతం దాకా తప్పు వస్తుంది. ఇంజన్ బోరింగ్‌తో వచ్చే లాభం కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది.

డ్రమ్ము కోసం తుక్కు కొట్టుకి వెళితే జీపువీ ఆటోలవీ పాత బ్రేక్ డ్రమ్ములు దొరుకుతాయి. చౌకే, కానీ వాటిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అవి పోత ఇనుము. పోత ఇనుము అంచు సెకనుకు 30 మీటర్లకు మించి తిరగకూడదన్నది వర్క్‌షాపుల్లో పాత లెక్క. 30 సెంటీమీటర్ల డ్రమ్ము 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 24 మీటర్ల లోపే, పర్వాలేదు. అదే డ్రమ్ముని 3600 తిరిగే పెట్రోల్ ఇంజన్‌కి పెడితే 56 దాటుతుంది, అది ప్రమాదమే. రెండో చిక్కు నీళ్లు. ల్యాబ్ డ్రమ్ముల లోపలి అంచు కాలువలా మడిచి ఉంటుంది. అందులో నీళ్లు పోస్తే తిరిగే వేగానికి గోడకి అంటుకుని నిలుస్తాయి, వేడెక్కి ఆవిరైపోతాయి. 3.7 కిలోవాట్లకి గంటకి ఐదు లీటర్ల పైచిలుకు ఆవిరవుతుంది, సన్నటి గొట్టంతో పోస్తూ ఉండటమే. బండి డ్రమ్ముకి ఆ కాలువ ఉండదు, పోత ఇనుము మీద వెల్డింగ్ సరిగా నిలవదు. కాబట్టి మందపాటి ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు ముక్క తీసుకుని, రెండు వైపులా లోపలికి రింగులు వెల్డ్ చేయించి, లేత్ మీద తిప్పించుకోవడం మంచిది. లేత్ వాళ్లకి డ్రాయింగ్ ఇవ్వండి. నోటితో చెబితే ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు.

తాడు నూలుదే వాడాలి. నైలాన్ కరిగిపోతుంది. తాడుకి ఒక్క చుక్క ఆయిల్ తగిలినా పట్టు జారి కాటా ముల్లు గంతులేస్తుంది.

## బైక్ డిస్క్ బ్రేకు

తాడు పాతకాలం పద్ధతి అనుకునే కుర్రాళ్లు మొదట దీనివైపే చూస్తారు. షాఫ్ట్‌కి బైక్ డిస్కు, విడిగా బేరింగ్ మీద తిరిగే చేయికి డిస్కుని పట్టే క్యాలిపర్, చేయి చివర లోడ్ సెల్ (బరువు కొలిచే ఎలక్ట్రానిక్ సెన్సర్). చూడటానికి బాగుంటుంది, లివర్‌తో లోడు సన్నగా పెంచుకోవచ్చు, పార్టులన్నీ ఆటోనగర్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి.

వేడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది. కిలో బరువున్న ఉక్కు డిస్కులోకి 3.7 కిలోవాట్లు పంపితే సెకనుకి దాదాపు 8 డిగ్రీలు ఎక్కుతుంది. అర నిమిషంలో 200 డిగ్రీల పైన. డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడే 205 డిగ్రీల దగ్గర మరిగిపోవచ్చు, డాట్ 4 అయితే 230 దగ్గర. ఆయిల్ మరిగితే లివర్ మెత్తబడుతుంది, లోడు పడిపోతుంది, పట్టు వదిలిన ఇంజన్ స్పీడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పది సెకన్లు పట్టి రీడింగ్ తీసుకుని వదిలేసే పనికి, రెండు హెచ్‌పీ లోపు ఇంజన్లకి సరే. అంతకు మించి దీన్ని నమ్ముకోవద్దు.

## నీళ్లు: ఊగే పంపు

1877లో ఇంగ్లండ్‌లో విలియం ఫ్రౌడ్ ఓడల ఇంజన్ల కోసం నీటి బ్రేకు తయారుచేశాడు. ఆ కప్పుల రోటర్ మనం పోత పోయించడం కష్టం. దానికి బదులు పాత సెంట్రిఫ్యూగల్ పంపు ఒకటి తీసుకుని, దాని బాడీ షాఫ్ట్ చుట్టూ అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగేలా రెండు ప్లమ్మర్ బ్లాకుల (బేరింగ్ దిమ్మెల) మీద కూర్చోబెడితే దాదాపు అదే పని జరుగుతుంది. బాడీకి చేయి, చేయి కింద కాటా. డెలివరీ వైపు గేట్ వాల్వ్ తిప్పితే లోడు మారుతుంది. లోపల ఎంత నీరు ఎలా తిరిగినా మనకి అనవసరం, బాడీ మీద పడే మెలిక బలమే కొలుస్తున్నాం.

నిలకడ విషయంలో దీన్ని మించింది లేదని ముందే చెప్పాను. వేడి సంగతి కూడా బాగుంటుంది. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు తిప్పుకుంటూ 3.7 కిలోవాట్లు గంటసేపు నడిపినా నీళ్లు 16 డిగ్రీలే వేడెక్కుతాయి. ఈ ఒక్క అంకె చూశాకే నాకు నీటి మీద మనసు పోయింది.

చిక్కంతా గొట్టాలతో. నీళ్లు నిండిన హోసు బరువుగా, బిర్రుగా ఉంటుంది. అది బాడీని ఒకవైపు లాగితే ఆ లాగుడు కూడా కాటా మీద పడుతుంది. హోసుల్ని షాఫ్ట్‌కి వీలైనంత దగ్గరగా, మెత్తటి రబ్బరు ముక్కలతో కలపాలి. నీళ్లు నింపాక, ఇంజన్ ఆపి ఉంచి, కాటాని సున్నా చేసుకోవాలి. సీలు కారుతుంది, అది మామూలే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఇంపెల్లర్‌కి తెల్లగా పేరుకుంటుంది. మున్సిపల్ నీళ్లే పోయడం మంచిది.

## కరెంటు: ఊగే ఆల్టర్నేటర్

జనరేటర్ ఆల్టర్నేటర్‌ని ఇంజన్‌తో తిప్పి, వచ్చిన కరెంటుతో నీళ్ల డ్రమ్ములో ముంచిన హీటర్ రాడ్లు కాల్చి, వోల్టులూ ఆంపియర్లూ హెచ్చవేస్తే పవర్ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. వచ్చేది ఆల్టర్నేటర్ బయటికి ఇచ్చిన పవర్ మాత్రమే. అది మింగినది ఎంతో తెలియదు, పైగా లోడు మారితే ఆ మింగుడూ మారుతుంది. పంపుకి చెప్పినట్టే దీని బాడీని కూడా ఊయల బేరింగుల మీద పెట్టి, బాడీకి తగిలించిన చేయి ద్వారా టార్క్ కొలిస్తే ఆ గొడవ ఉండదు. ఆల్టర్నేటర్ మంచిదైనా చెత్తదైనా రోటర్ మీద పడ్డ బలం బాడీ మీదికి రావాల్సిందే. ఫ్యాన్ గాలి వల్ల పోయే కాస్తే కొలతకి అందదు.

ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఇప్పటి ఆల్టర్నేటర్లకి ఏవీఆర్ (వోల్టేజి రెగ్యులేటర్) ఉంటుంది, స్పీడు తగ్గినా వోల్టేజి పడిపోకుండా చూస్తుంది. ఇంట్లో ఫ్యాను తిరగడానికి అది వరమే, డైనోకి శాపం. స్పీడు తగ్గినా లోడు తగ్గదు, అంటే టార్క్ ఇంకా పెరుగుతుంది, ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది. ఏవీఆర్ తీసేసి, ఫీల్డ్ కాయిల్‌కి విడిగా బ్యాటరీ నుంచి రియోస్టాట్ ద్వారా కరెంటు ఇవ్వండి. అప్పుడు రెండు లాభాలు: స్పీడు తగ్గితే లోడూ తగ్గుతుంది, రియోస్టాట్ నాబ్‌తో లోడు వెంట్రుకవాసి చొప్పున మార్చుకోవచ్చు.

230 వోల్టులు, పక్కనే నీళ్ల డ్రమ్ము. ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. రాడ్లకి కరెంటు ఉండగా నీళ్లలో వేలు పెట్టి చూడొద్దు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపే స్విచ్) పెట్టాం కదా అని ధైర్యపడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. విడిగా నడిచే జనరేటర్‌లో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపకపోతే ఆర్‌సీసీబీ పనిచేయదు. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఇంటి వైరింగ్‌కి దీన్ని ఎప్పుడూ కలపొద్దు.

చిన్న ఇంజన్లకి ఇందులోనే ఇంకో దారి ఉంది, నాకైతే అది ఎక్కువ నచ్చింది: కారు ఆల్టర్నేటర్. 12 వోల్టులు, 60 ఆంపియర్ల రకం తుక్కులో బోలెడు. పది వేల ఆర్‌పీఎంకి కూడా బెదరదు, షాక్ కొట్టదు, లోడుగా పాత హెడ్‌లైట్ బల్బులు పెట్టుకోవచ్చు. మింగేది మాత్రం ఒకటిన్నర కిలోవాట్లకి అటూ ఇటూ. 35 సీసీ నాలుగు స్ట్రోకుల స్ప్రేయర్ ఇంజన్ 7000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది సుమారు 1 కిలోవాటే కాబట్టి సరిగ్గా సరిపోతుంది.

## గేర్ పంపు

ట్రాక్టర్ హైడ్రాలిక్ గేర్ పంపు, ప్రెషర్ గేజ్, నీడిల్ వాల్వ్, ఆయిల్ ట్యాంకు. చుట్టుకి 16 సీసీ తోడే పంపుని 1500 ఆర్‌పీఎంలో తిప్పి, వాల్వ్ బిగించి 100 బార్ తెస్తే 4 కిలోవాట్లు తీసుకున్నట్టు. పొందికైన యంత్రం, లోడు అద్భుతంగా అదుపులో ఉంటుంది. కానీ 20 లీటర్ల ఆయిల్ నిమిషానికి ఆరేడు డిగ్రీలు వేడెక్కుతుంది, కూలర్ లేకుండా ఐదు నిమిషాలే. 100 బార్ దగ్గర హోసుకి సూదిబెజ్జం పడితే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే రకం. హైడ్రాలిక్స్ పని రోజూ చేసేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీన్ని వదిలేయడమే మేలు.

అయస్కాంత బలంతో డిస్కుని ఆపే ఎడ్డీ కరెంట్ బ్రేకు గురించి కూడా అడుగుతుంటారు. తుక్కులో సరైన రిటార్డర్ (పెద్ద బండ్లకి ఉండే ఇదే రకం బ్రేకు) దొరికితే తప్ప ఆ కాయిళ్లు, పోల్ ముక్కలు సొంతంగా చేయడం పెద్ద పని.

## ఫ్లైవీల్: బ్రేకే లేని డైనో

వేడి ఎటు పోతుందన్న ప్రశ్నకి ఇది ఇచ్చే జవాబు వేరు: పవర్ వేడిగా మారదు, చక్రంలో దాచుకుంటుంది. బరువైన ఉక్కు చక్రాన్ని ఇంజన్ ఎంత త్వరగా వేగం ఎక్కించిందో చూసి పవర్ లెక్క కడతారు. లోడ్ సెల్ అక్కర్లేదు, చేయి అక్కర్లేదు. ఒక మాగ్నెట్, అది దాటిన ప్రతిసారీ గుర్తించే హాల్ సెన్సర్, టైము రాసుకునే చిన్న బోర్డు చాలు. పైగా ఒక్క పరుగులో కింది ఆర్‌పీఎం నుంచి పై ఆర్‌పీఎం దాకా మొత్తం గ్రాఫు వస్తుంది.

40 సెంటీమీటర్ల వ్యాసం, 4 సెంటీమీటర్ల మందం ఉన్న ఉక్కు పళ్లెం తీసుకుందాం. బరువు 39 కిలోల పైన, జడత్వ భ్రామకం (వేగం మార్పుని చక్రం ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె) 0.79 కిలో-మీటర్ వర్గం. 3000 ఆర్‌పీఎం దగ్గర అందులో 39 కిలోజౌళ్లు ఉంటాయి. 3.6 కిలోవాట్ల ఇంజన్ దాన్ని అక్కడికి తేవడానికి పది పదకొండు సెకన్లు పడుతుంది. అంటే చక్రం సైజు సరిపోయినట్టే. మూడు సెకన్లలో అయిపోతే చక్రం చిన్నది, గ్రాఫు గజిబిజిగా వస్తుంది.

ఇప్పుడు ఇబ్బందులు. ఆ 39 కిలోజౌళ్లు ఒకచోట ఉన్నాయి, అంచు సెకనుకు 63 మీటర్ల వేగంతో పోతోంది. ఇక్కడ పోత ఇనుము మాటే ఎత్తకూడదు, చెరుకు గానుగ చక్రం ఒకటి పడి ఉంది కదా అని వాడకూడదు. పగుళ్లు లేని ఉక్కు ప్లేటు, బ్యాలెన్సింగ్ చేయించినది, చుట్టూ మందపాటి కవచం, చక్రాన్ని ఆపడానికి ఒక బ్రేకు తప్పనిసరి. చక్రం తిరిగే తలంలో మనిషి నిలబడకూడదు. ఇంకో లోటు: ఇంజన్‌ని ఒక స్పీడు దగ్గర లోడు మీద నిలబెట్టి ఆవిరి కక్కుతోందా, పొగ ఏ రంగు, అరగంటకి వేడెక్కి పవర్ పడిపోతోందా చూడటం దీనితో కుదరదు. గవర్నర్ ఉన్న డీజిల్‌కి అయితే దాదాపు పనికిరాదు.

## ఏమీ కట్టకుండా

ఇంజన్‌కి పంపు ముందే తగిలించి ఉంటే మీ దగ్గర బ్రేకు ఉన్నట్టే. పంపు తీసుకునే పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది. చూషణ లోతు, గొట్టాలు మార్చకుండా, ఫుల్ యాక్సిలరేటర్‌లో ఇంజన్ చేరే ఆర్‌పీఎంని లేజర్ టాకోమీటర్‌తో చూడండి. గవర్నర్ అడ్డుపడని స్పీడులో చూడాలి సుమా. రిపేరు తర్వాత ఆర్‌పీఎం 3 శాతం పెరిగితే పవర్ సుమారు 9 శాతం పెరిగినట్టు. అసలు హెచ్‌పీ తెలియదు, తేడా మాత్రం భేషుగ్గా తెలుస్తుంది. రైతుకి ఇంతకు మించి అక్కర్లేదు.

బైక్‌ల విషయంలో ఫోన్ జీపీఎస్‌తో రోడ్డు మీద వేగం కొలిచి లెక్కకట్టే పద్ధతీ ఉంది. గాలి, వాలు, ట్రాఫిక్ అన్నీ కలుస్తాయి. బైపాస్ మీద ప్రాణం పణం పెట్టి తెచ్చే అంకె కన్నా షెడ్డులో తాడు అంకె నయం.

## ఒక్కచోట చూడాలంటే

| రకం | వేడి ఎటు పోతుంది | నిలకడ | సరిపోయే ఇంజన్ | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| తాడు, డ్రమ్ము | డ్రమ్ములో నీళ్ల ఆవిరిగా | గవర్నర్ ఉంటేనే బాగు | 1500 ఆర్‌పీఎం డీజిల్ | ఎక్కువ స్పీడుకి డ్రమ్ము తట్టుకోదు |
| డిస్క్ బ్రేకు | డిస్కులోనే నిలుస్తుంది | తక్కువ | 2 హెచ్‌పీ లోపు, కొద్ది సెకన్లు | ఆయిల్ మరగడం |
| ఊగే పంపు | డ్రమ్ము నీళ్లలోకి | చాలా బాగు | 3000, 3600 ఆర్‌పీఎం పెట్రోల్ | హోసుల లాగుడు, సీలు |
| జనరేటర్ ఆల్టర్నేటర్ | హీటర్ రాడ్లలోకి | ఏవీఆర్ తీస్తే బాగు | 5 హెచ్‌పీ దాకా | 230 వోల్టులు |
| కారు ఆల్టర్నేటర్ | బల్బుల్లోకి | ఫీల్డ్‌కి విడి సప్లై ఇస్తే బాగు | స్ప్రేయర్, బ్రష్ కట్టర్ | ఒకటిన్నర కిలోవాట్లే |
| గేర్ పంపు | ఆయిల్‌లోకి | వాల్వ్‌తో బాగు | 5 హెచ్‌పీ దాకా | ప్రెషర్ ఆయిల్ |
| ఫ్లైవీల్ | చక్రంలో దాచుకుంటుంది | ఆ ప్రశ్నే లేదు | బైక్, గో-కార్ట్ ఇంజన్లు | చక్రం పగిలితే ప్రాణాంతకం |

## ఎవరికి ఏది

గుంటూరులో స్ప్రేయర్లు రిపేరు చేసే షాపుకి నా ఓటు కారు ఆల్టర్నేటర్‌కే. మిర్చి సీజన్‌లో మందు కొట్టే మిషన్లు వరసగా వస్తుంటాయి, ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఇంజన్ క్లచ్ బెల్‌కి సరిపోయే అడాప్టర్ ఒకటి లేత్‌లో చేయించుకుంటే బిగించడం, విప్పడం తేలిక. టార్క్ చాలా తక్కువ, ఒకటిన్నర న్యూటన్ మీటర్లు కూడా ఉండదు. కాబట్టి చేయి 10 సెంటీమీటర్లు పెడితే కాటా మీద కిలోన్నర లోపు పడుతుంది, 5 కిలోల లోడ్ సెల్ సరిపోతుంది.

పాత డీజిళ్లు బాగుచేసే ఆటోనగర్ మెకానిక్‌కి తాడే. ఇంజన్ గంటల తరబడి లోడు మీద నడిపి రన్నింగ్-ఇన్ చేసుకోవచ్చు, పొగ చూసుకోవచ్చు, పాడైతే తాడు మార్చడమే. స్థిర వేగం డీజిళ్లకి నేమ్‌ప్లేటు రేటింగ్ మీద సాధారణంగా గంటసేపు 10 శాతం అదనపు లోడు మోసే సత్తా ఉంటుంది. అందుకని 5 హెచ్‌పీ ఇంజన్ అయిదున్నర చూపిస్తే కాటా తప్పిందని కంగారుపడకండి.

ప్రాజెక్టు కోసం చేస్తున్న విద్యార్థులకి ఊగే ఆల్టర్నేటర్ మంచిది. ఎలక్ట్రికల్ పవర్, షాఫ్ట్ పవర్ రెండూ కొలవొచ్చు, వాటి మధ్య తేడా మీదే ఒక అధ్యాయం రాయొచ్చు. ఊగే పంపు అంతకన్నా మంచి యంత్రమే కానీ సెమిస్టర్ చివర్లో సీలు కారుతుంటే టెన్షన్ ఎక్కువ. నీటి పంపుల పెట్రోల్ ఇంజన్లు అమ్మి రిపేరు చేసేవాళ్లకి మాత్రం ఊగే పంపే. వాళ్ల దగ్గర పంపుకీ, సీళ్లకీ కొరత ఉండదు.

బైక్ ట్యూనింగ్ మోజున్న కుర్రాళ్లకి ఫ్లైవీల్ తప్ప ఏదీ రుచించదని తెలుసు. నలుగురు కలిసి, చక్రం మంచి ఫ్యాబ్రికేటర్ చేత చేయించి, బ్యాలెన్సింగ్ రిపోర్టు చేతికి వచ్చాకే షాఫ్ట్ మీద ఎక్కించండి. ఆ ఖర్చు పెట్టలేనివాళ్లు ఫ్లైవీల్ జోలికి పోకూడదు, అంతే.

## ఏది కట్టినా పనికొచ్చేవి

చేయి పొడవు 71.6 సెంటీమీటర్లు పెట్టుకుంటే లెక్కలు తగ్గుతాయి. కాటా చూపిన కిలోలని ఆర్‌పీఎంతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే నేరుగా మెట్రిక్ హెచ్‌పీ. అంత పొడవు చేయికి షెడ్డులో చోటు లేకపోతే సగం, 35.8 సెంటీమీటర్లు పెట్టి రెండు వేలతో భాగించండి. పొడవు షాఫ్ట్ మధ్య నుంచి కాటా తగిలే బిందువు దాకా, చేయి అడ్డంగా సమంగా ఉన్నప్పుడు కొలవాలి.

సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి పన్నెండున్నర సార్లు తన్నుతుంది. చేయి ఆ తన్నులకి వణుకుతుంది. లోడ్ సెల్ రీడింగు చదివే హెచ్ఎక్స్711 బోర్డు మామూలు సెట్టింగ్‌లో సెకనుకి 10 రీడింగులే తీస్తుంది కాబట్టి ఆ వణుకు రీడింగులో నెమ్మదిగా ఊగుతున్నట్టు కనిపించి తికమకపెడుతుంది. 80 రీడింగుల సెట్టింగ్‌కి మార్చి, ఐదు సెకన్ల సగటు తీసుకోండి. ఇంకా వణికితే చేయికి చిల్లుల రేకు ఒకటి వేలాడదీసి గేర్ ఆయిల్ డబ్బాలో ముంచండి. చేపల మార్కెట్‌లో వాడే వేలాడే డిజిటల్ కాటాలు రీడింగ్ దానంతటదే లాక్ చేస్తాయి, ఈ పనికి వద్దు.

ఇంజన్‌కీ బ్రేకుకీ మధ్య స్టార్ కప్లింగ్ (రబ్బరు నక్షత్రం ఉండే జోడింపు), దాని మీద జాలీ గార్డు, చేతికందేలా ఆఫ్ స్విచ్. భుజం మీద తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు షెడ్డు బయటే వదిలేయాలి. తలుపులు మూసి పెట్రోల్ ఇంజన్ నడపొద్దు.

ఆఖరిది మన ఎండలు. పవర్ కొలత ప్రమాణాలు 25 డిగ్రీల గాలికి లెక్క కడతాయి. మేలో విజయవాడలో మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర పెట్రోల్ ఇంజన్ ఒక్క వేడి వల్లే మూడు శాతం పైన తక్కువ ఇస్తుంది. ఉక్కపోత రోజైతే గాలిలో తేమకి ఇంకో ఒకటి రెండు శాతం పోతుంది. రిపేరుకి ముందు కొలత పొద్దున్నే, రిపేరు తర్వాత కొలత మిట్టమధ్యాహ్నం తీస్తే చేసిన పనంతా నష్టంగా కనిపించవచ్చు. ప్రతి రీడింగ్ పక్కనా టైము, ఇంజన్ గాలి పీల్చే చోట ఉష్ణోగ్రత రాసుకోండి. కుదిరితే రెండు కొలతలూ పొద్దున్న ఏడు ఎనిమిది గంటల మధ్యే తీయండి.